ఎవరి కాగితం, ఎవరి హద్దు: కోఠీ మహిళా కళాశాల ఆస్తి రికార్డులు

కోఠీ మహిళా కళాశాల మొదలైంది 1924లో. దానికి ఊరూరా పేరు తెచ్చిన రెసిడెన్సీ భవనం పని మొదలైంది 1803లో. కళాశాల ఆ భవనంలోకి చేరింది 1949లో. అందుకే ఈ కళాశాల ఆస్తి చరిత్రను దాని సొంత బీరువాలోని ఫైళ్లతో రాయడం కుదరదు. పాత కాగితాలన్నీ వేరేవాళ్లు తమ అవసరానికి రాసుకున్నవి. ఆ అవసరమేమిటో తేల్చుకోకుండా వాటిలోని హద్దుల్ని, పేర్లను యథాతథంగా ఎత్తుకుంటే చిక్కుల్లో పడతాం.

స్థలమిచ్చింది, ఖర్చు భరించింది నిజాం. కట్టించింది నిజాం దర్బారులో ఈస్టిండియా కంపెనీ ప్రతినిధి, అంటే రెసిడెంటు, జేమ్స్ అకిలెస్ కిర్క్‌పాట్రిక్. ఆరు కొరింథియన్ స్తంభాల మీది త్రికోణపు ముఖభాగంలో వెలిసింది మాత్రం కంపెనీ చిహ్నం. సొమ్మొకరిది, సోకొకరిది. పెద్ద కాగితం మీద గీసిన నక్షాను నిజాం అలీఖాన్ కాదన్నాడని, అదే నక్షాను చిన్న అట్టముక్క మీద గీయించి చూపితే సరేనన్నాడని చరిత్రకారులు తరచూ చెప్పే కథ ఒకటుంది. దాన్ని హక్కుపత్రానికి సాక్ష్యంగా వాడలేం. అయినా కొలత లేని నక్షాతో స్థలం చేతులు మారిందన్న సూచన అందులో ఉంది, అది చిన్న విషయమేమీ కాదు.

పేర్ల దగ్గరా జాగ్రత్త కావాలి. భవనానికి రూపకల్పన చేసిన శామ్యూల్ రస్సెల్ మద్రాసు ఇంజనీర్ల దళంలో అధికారి. 1811 నుంచి 1820 దాకా రెసిడెంటుగా ఉన్న హెన్రీ రస్సెల్ వేరు. సూచికలో ‘రస్సెల్’ అని మాత్రమే ఉంటే తేదీ చూడనిదే ముందుకు వెళ్లకూడదు.

అసలు చిక్కు హద్దులది. 1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్‌ల నాయకత్వంలో రెసిడెన్సీ మీద దాడి జరిగింది. ఆ తర్వాత ప్రహరీని పటిష్ఠం చేశారు. అంటే ఆ గోడను నిలబెట్టింది రక్షణ అవసరం, భూమి కొలత కాదు. కిర్క్‌పాట్రిక్ భార్య ఖైరున్నీసా కోసం కట్టిన రంగమహల్‌ను 1860లో కూల్చేశారు. కాబట్టి ఆ తర్వాతి ఆస్తి జాబితాలో అది కనిపించకపోతే ఎప్పుడూ లేదనుకోకూడదు.

వీటికి తోడు రెసిడెన్సీ బజార్లు. చుట్టుపక్కల వీధులు బ్రిటిష్ పాలనలో ఉండి, 1933లో తిరిగి నిజాం ప్రభుత్వానికి దక్కాయి. అది అధికార పరిధి, భూమి మీద యాజమాన్యం కాదు. ఒక వీధి రెసిడెన్సీ పరిధిలో ఉందన్నంత మాత్రాన అది రెసిడెన్సీ ఆస్తి అయిపోదు. ఆ కాలపు ఉత్తరప్రత్యుత్తరాలు చదివేటప్పుడు ఈ రెండూ సులువుగా కలిసిపోతాయి. నా దృష్టిలో ఈ స్థలం గురించిన గందరగోళంలో పెద్ద భాగం ఇక్కడే పుడుతుంది.

ఇంగ్లిషు కాగితాలకు ఢిల్లీలోని జాతీయ అభిలేఖాగారం, లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీ. నిజాం దఫ్తరాలకు తార్నాకలోని రాష్ట్ర అభిలేఖాగారం. పారశీ, ఉర్దూ రాకుండా ఈ మూడో చోట పని జరగదు. 2002లో వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ ఈ భవనాన్ని ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో చేర్చాక మరమ్మతుల కాగితాలు పెరిగాయి. అవి సున్నం గురించి, పైకప్పు గురించి బాగా చెబుతాయి, హద్దు గురించి చెప్పవు. హద్దు కోసం ముందు తీయాల్సింది 1910ల్లో లెనార్డ్ మన్ ఆధ్వర్యంలో తయారైన పురపాలక పటాలు. కొలతతో గీసిన ఆ షీట్ల మీద ప్రహరీని గుర్తించి, దాన్ని తర్వాతి టౌన్ సర్వే రిజిస్టరుతో పోల్చాలి. రెండూ ఎక్కడ విడిపోతాయో, ఆ అంగుళాల దగ్గరే దఫ్తరంలో వెతకడం మొదలుపెట్టాలి.