దేశసంకేత డొమైను నామము: విదేశవాణిజ్యము, పల్నాడు

ఒక దేశపు వర్తకుడు వేఱొక దేశమునకు చెందిన రెండక్షరముల సంకేతముతో ముగియు అంతర్జాల నామమును తన వ్యాపారార్థము నమోదు చేయించుకొనుట నేటి విదేశవాణిజ్యమున సాధారణమైన వ్యవహారము. పల్నాటి సీమలో ఈ ప్రసక్తి ప్రధానముగా మిరప ఎగుమతిదారులకు సంబంధించినది. 2022 ఏప్రిల్ 4 న నరసరావుపేట ముఖ్యపట్టణముగా ఏర్పడిన పల్నాడు జిల్లాలో, ఎడ్లపాడు మండలము వంకాయలపాడు కడ సుగంధద్రవ్యముల బోర్డువారి స్పైసెస్ పార్కు కలదు. మాచర్ల, గురజాల ప్రాంతములందు పండిన మిరప గుంటూరు యార్డు మీదుగా చైనా, శ్రీలంక, బంగ్లాదేశ్, మలేషియా మున్నగు దేశములకు పోవుచున్నది.

ఈ సంకేతములు అంతర్జాతీయ ప్రమాణసంస్థవారి 3166 వ పట్టికనుండి గ్రహింపబడినవి. 1994 మార్చిలో, అంతర్జాల నామముల నిర్వాహకుడైన జాన్ పోస్టెల్ రచించిన 1591 వ ఆర్‌ఎఫ్‌సీ పత్రము, ఏది దేశమో ఏది కాదో నిర్ణయించుట నామపాలకుల పని కాదని తెలిపి, ఆ భారమును ఈ పట్టికపైననే ఉంచినది. అయినను పట్టికలో జీబీగా నున్న బ్రిటను యూకే అను అక్షరములనే వాడుచున్నది.

మన దేశపు డాట్ ఇన్ ఆరంభమునకు రెండు తేదీలు చెప్పబడుచున్నవి. అంతర్జాల నామముల మూలపట్టికలో (రూట్ జోన్) అది 1989 మే 8 న చేరినది. బొంబాయిలోని నేషనల్ సెంటర్ ఫర్ సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ దానిని చిరకాలము నిర్వహించెను. నిక్సీ అను సంస్థ యాజమాన్యమున 2005 ఫిబ్రవరి 16 నుండి అది ఎల్లరకును లభ్యమయ్యెను. అంతకుముందు నమోదైన నామములు ఏడు వేల ప్రాంతమున నుండెనని చెప్పుదురు. శాస్త్రదృష్టితో మొదటి తేదీయే జన్మదినము. వర్తకుని దృష్టితో మాత్రము రెండవదియే గణనీయము.

విదేశసంకేతములన్నియు ఒకే అంగడిలో ఒకే ధరకు దొరకు సరకులు కావు. అమెరికావారి డాట్ యూఎస్ కోరువాడు ఆ దేశపు పౌరుడో నివాసియో, అచ్చట స్థాపితమైన సంస్థయో, లేక అచ్చట వాస్తవముగా వ్యాపారము సాగించు విదేశసంస్థయో కావలెను. ఈ మూడవ తరగతికి క్రమము తప్పని విక్రయములు ఆధారము కాగలవు గనుక, న్యూజెర్సీలోని తెలుగు కిరాణా దుకాణములకు ఏటేట కారపుపొడి పంపు నరసరావుపేట వర్తకుడు అచ్చట కార్యాలయము లేకున్నను అర్హుడనియు, ఒక్క కంటెయినరు పంపి ఊరకున్నవాడు అర్హుడు కాడనియు తలపవచ్చును. జపానున డాట్ జేపీకి ఆ దేశపు చిరునామా వలయును, కో.జేపీ అచ్చట నమోదైన కంపెనీకి మాత్రమే, అదియు సంస్థకొక్కటి చొప్పున లభించును. ఎమిరేట్సువారి డాట్ ఏఈకి నివాసనిబంధన లేదు. చైనా విషయము వేఱు: నామమునకే గుర్తింపు పత్రముల పరిశీలన కలదు, నామము లభించినను, ఆ దేశపు ప్రధాన భూభాగమునందలి సర్వరుపై సైటు నుంచుటకు ఐసీపీ అను మఱియొక నమోదు కావలెను. తేజ రకపు మిరపకు చైనా పెద్ద విపణి యగుటచే ఈ భేదము ఇచ్చటివారు ముందుగా ఎఱుగదగినది.

లభించిన అర్హత శాశ్వతమనుటకును వీలులేదు. బ్రిటను ఐరోపా సమాఖ్యను వీడిన పిమ్మట, లండను చిరునామాతో పొందిన డాట్ ఈయూ నామములు, యజమానులు ఇతరవిధముగా అర్హులు కానిచో, 2021 ఆరంభమున నిలుపబడి, మఱుసటియేట రద్దయ్యెను.

కెనడా, ఆస్ట్రేలియాలలో వ్యాపారచిహ్నము ద్వారా వేఱొక మార్గము కలదు: ఆ దేశమున నమోదైన చిహ్నమునకు యజమానియైన విదేశీయుడు, అందలి పదములతో సరిగా ఏకీభవించు నామమును కోరవచ్చును. వ్యాపారచిహ్నముల అంతర్జాతీయ నమోదునకైన మాద్రిదు ఒడంబడికయందు భారతదేశము 2013 జూలైలోను, కెనడా 2019 జూనులోను చేరుటచే, చెన్నయిలోని వ్యాపారచిహ్నముల కార్యాలయపు పరిధిలోనుండు పల్నాటి వర్తకుడు ఇచ్చటి దరఖాస్తును ఆధారము చేసికొనియే అచ్చటి రక్షణను కోరగలడు. రోమను లిపిలో నరసరావుపేట అను పేరు తుది 'ఎ' తోను, అది లేకయు వ్రాయబడుచున్నది. ఆ పేరు గల చిహ్నమున ఒక విధముగను, కోరిన డొమైను నామమున మఱియొక విధముగను ఉన్నచో ఏకీభావము చెడును. గుంటూరు సన్నము అను మిరప రకము భౌగోళిక సూచికగా నమోదైయున్నందున, ఆ పేరుకంటె స్వనామమునే చిహ్నముగా గ్రహించుట క్షేమము.

డొమైను నమోదు రికార్డునందు హక్కుదారు, పాలనా సంబంధి, సాంకేతిక సంబంధి, నేమ్‌సర్వర్లు అను పంక్తులుండును. వీనిలో మొదటిదే ప్రాణము. తక్కినవానిని ఎప్పుడైనను మార్చవచ్చును. తొడిమ తీసిన మిరపను కొను విదేశపు దిగుమతిదారు, "చిరునామా నాది ఉన్నది గదా, ప్రస్తుతానికి నా పేర పెట్టుదము" అనుట కద్దు. చిరునామా చిక్కు తీరినట్లే తోచును గాని, బేరము చెడిన నాడు నామము అతనికడనే నిలిచిపోవును; పదేండ్లుగా మిరప బస్తాలపై అచ్చొత్తిన వెబ్ చిరునామా అతని క్రొత్త సరఫరాదారునికి దారిచూపును. స్థానిక ప్రతినిధి సేవను రుసుముపై ఇచ్చు రిజిస్ట్రారులు పెక్కుదేశములకు కలరు. ఆ ప్రతినిధి నామము ఏ పంక్తిలో చేరునో, బదిలీకి వలయు ఆథ్ కోడ్ ఎవరి చేతికి వచ్చునో ఒప్పందమున వ్రాయించుకొనవలెను. రెన్యువల్ తాఖీదులు గుమాస్తా స్వంత ఈమెయిలునకు పోవుచుండుట మఱియొక సామాన్యదోషము.

న్యాయవిషయమున తఱచుగా ఉదాహరింపబడునది, హైదరాబాదు సత్యం సంస్థ నెలకొల్పిన సత్యం ఇన్ఫోవే వ్యాజ్యము. 'సిఫీ'తో మొదలగు దాని నామములను పోలిన 'సిఫ్ఫీ' నామములను వేఱొకరు పొందగా, 2004 మే 6 న సుప్రీంకోర్టు, డొమైను నామమునకును వ్యాపారచిహ్నమునకు వలెనే రక్షణ కలదని తీర్పుచెప్పినది. 1999 నాటి వ్యాపారచిహ్నముల చట్టము దేశపుటెల్లలు దాటదనియు ఆ తీర్పులోనే కలదు. విదేశసంకేతముపై తగవునకు ఆ దేశపు వివాదవిధానమే శరణ్యము. డాట్ ఇన్ తగవులను నిక్సీవారి మధ్యవర్తులు పరిష్కరింతురు.

తెలుగు లిపిలోని '.భారత్' 2011 నాటిదని కొందఱు, 2014 నాటిదని కొందఱు వ్రాసిరి. మూలపట్టికలో చేరిక 2011 లోనిది. 2014 ఆగస్టు 27 న విడుదలయైనది దేవనాగరి రూపము గనుక మొదటి పక్షమే గ్రాహ్యము. యంత్రములకు ఈ నామము 'ఎక్స్‌ఎన్' తో మొదలగు రోమను రూపముననే చేరును. విదేశపు ఈమెయిలు వ్యవస్థలు పెక్కు తెలుగు చిరునామాలను స్వీకరింపకుండుటచే, దీనిని కోరు ఎగుమతిదారునకు రోమను నామము నొకదానిని వెంట నుంచుకొనుట తప్పదు.