కోరిక నుండి ప్రోగ్రాము వరకు

ఇల్లు కట్టించుకొనేవాడు మేస్త్రీకి తన కోరిక చెబుతాడు. మాటలో కొంచెము సందిగ్ధత ఉన్నా గోడ తప్పుచోట లేస్తుంది. కంప్యూటరు ప్రోగ్రాము వ్రాయించుకోవడములోనూ చిక్కు ఇదే. పెద్ద ప్రోగ్రాములు ఆలస్యముగా, అధిక వ్యయముతో, అడిగినదానికి భిన్నముగా తయారవుతున్నాయని 1968లో జర్మనీలోని గార్మిష్ సమావేశములో నిపుణులు చర్చించారు. తరువాతి మూడు దశాబ్దాలలో ఈ చిక్కుకు రెండు భిన్నమైన సమాధానాలు రూపొందినాయి.

మొదటిది గణితమార్గము. ప్రోగ్రాము ఏమి చేయవలెనో సమితులతో, తర్కవాక్యాలతో ముందే నిర్దేశిస్తారు. "ఒకే పట్టాల ఖండములో ఏ క్షణానా రెండు రైళ్ళు ఉండరాదు" అన్నది అటువంటి నియమానికి ఉదాహరణ. ప్రోగ్రాములోని ప్రతి అడుగూ నియమాన్ని కాపాడుతుందని, జ్యామితిలో సిద్ధాంతాన్ని నిరూపించినట్లు నిరూపిస్తారు. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాఁ-రేమోఁ అబ్రియాల్ రూపొందించిన 'బి' పద్ధతి ఈ కోవకు చెందినది. 1998 అక్టోబరులో ప్రారంభమైన పారిస్ మెట్రో 14వ మార్గములో రైళ్ళకు డ్రైవర్లు లేరు. అక్కడి భద్రతా ప్రోగ్రాము ఈ పద్ధతిలోనే తయారైనది. సుమారు 86,000 పంక్తుల ఆ ప్రోగ్రాము కొరకు దాదాపు 27,800 ప్రతిపాదనలను నిరూపించవలసి వచ్చినది.

రెండవది సంభాషణమార్గము. అమెరికాలో క్రైస్లర్ మోటారు కంపెనీ జీతాల లెక్కలకు ప్రోగ్రాము వ్రాయించే పనిలో 1996లో కెంట్ బెక్ చేరాడు. అక్కడ కోరికలను చిన్న అట్టముక్కలపై రెండు మూడు వాక్యాలలో వ్రాసేవారు. వీటికి 'యూజర్ స్టోరీలు', అనగా వాడుకరి కథలు, అని పేరు. అట్టముక్క సంపూర్ణ నిర్దేశము కాదు. ఆ విషయమై కూర్చుని మాట్లాడుకోవలెనన్న గుర్తు మాత్రమే. 1997లో ఆ ప్రోగ్రాము సుమారు 10,000 మందికి జీతాలు లెక్కకట్టినది. 2000లో కంపెనీ ఆ పనిని నిలిపివేసినా, 1999లో వెలువడిన బెక్ గ్రంథము ద్వారా పద్ధతి దేశదేశాలకు వ్యాపించినది.

ఈ రెండింటిలో ఏది మేలు? నిర్దేశానికీ ప్రోగ్రాముకూ పొత్తు కుదిరినదని మాత్రమే నిరూపణ చెబుతుంది. నిర్దేశములోనే పొరపాటు ఉంటే అది కూడా నిర్దోషముగా అమలవుతుంది! కథ మనిషి కోరికకు దగ్గరగా వెళ్ళగలదు; కాని ఫలానాది ఎన్నడూ జరుగదని హామీ ఇవ్వలేదు. జీతములో వచ్చిన తప్పును మరుసటి నెల దిద్దవచ్చును. ఢీకొన్న రైళ్ళ విషయములో దిద్దుబాటుకు తావు లేదు. కనుక పద్ధతిని ఎంచుకొనేముందు వేసుకోవలసిన ప్రశ్న ఒకటే: తప్పు జరిగితే, దానిని దిద్దుకొనే అవకాశము మనకు మిగులుతుందా?