నోట్లోనే ఉంది, బయటికి రావట్లేదు!

"ఫ్లాక్స్ సీడ్స్‌ని మనవాళ్ళు ఏమంటారే... అబ్బా, నోట్లోనే ఉంది, రావట్లేదు!" ఇలాంటి మాట ఎప్పుడూ అనని వాళ్ళు మనలో ఉన్నారంటారా? పరాయి దేశంలో పదేళ్ళు ఉన్నాక ఇంగ్లిష్ మాట ముందు పరిగెత్తుకొస్తుంది, తెలుగు మాట వెనకబడిపోతుంది. "తెలుగు మర్చిపోయావా అప్పుడే?" అని ఊళ్ళోవాళ్ళు అంటే మనసు చివుక్కుమంటుంది. నిజంగా మర్చిపోయామా? మనసు మాటను ఎక్కణ్ణుంచి, ఎలా తెస్తుందని మనుషులు నూట అరవై ఏళ్ళుగా వెతుకుతున్నారు. ఆ కథ చదివి మీరే చెప్పండి.

పారిస్ దగ్గర బిసెత్ర్ ఆసుపత్రిలో లెబోర్న్ అనే రోగి ఉండేవాడు. ఏం అడిగినా "టాన్, టాన్" అనేవాడు. దాంతో అందరూ అతన్ని టాన్ అనే పిలిచేవారు. ఇరవై ఏళ్ళు అలాగే గడిచాయి. కానీ ఎదుటివాళ్ళు అన్నది చాలావరకు అర్థమయ్యేది. 1861లో అతను చనిపోయాక పాల్ బ్రోకా అనే డాక్టర్ మెదడు చూస్తే, ఎడమవైపు ముందు భాగం దెబ్బతిని ఉంది. 1874లో కార్ల్ వెర్నికె అనే జర్మన్ డాక్టర్ దీనికి తలకిందులైన రోగుల గురించి రాశాడు. వాళ్ళు గడగడా మాట్లాడేస్తారు, కానీ ఒక మాట బదులు ఇంకోటి పడుతుంది, మనం చెప్పింది సరిగ్గా అర్థం కాదు. వాళ్ళకి దెబ్బతిన్నది ఎడమవైపే, ఇంకాస్త వెనక భాగం. మాట్లాడటం అనేది ఒక్క పని కాదు, చాలా పనుల కలయిక అని అప్పుడు తెలిసింది.

మరి ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ సంగతి? 1895లో వియన్నాలో మెరింగర్ అనే భాషావేత్త, మేయర్ అనే మానసిక వైద్యుడు కలిసి, మనుషులు ఒకటి అనబోయి ఇంకోటి అన్న సందర్భాలన్నీ ఏరి పుస్తకంగా వేశారు. తర్వాత ఆ పనిని పెద్ద ఎత్తున చేసింది ఒక ఆడమనిషి, విక్టోరియా ఫ్రామ్‌కిన్. నలభై దాటాక, 1965లో పీహెచ్‌డీ పూర్తి చేసి, లాస్ ఏంజిలిస్‌లో పాఠాలు చెబుతూ వేల తడబాట్లు పోగుచేశారు. అవి అడ్డదిడ్డంగా రావు, వాటికీ ఒక పద్ధతి ఉందని 1971లో రాసి చూపించారు.

మన వంటింట్లోనే చూడండి. "గిన్నెలో పప్పు వెయ్యి" అనబోయి "పప్పులో గిన్నె వెయ్యి" అంటాం. రెండు మాటలూ చోట్లు మారాయి, కానీ ఆ "లో" మాత్రం ఉన్నచోటే ఉంది! అంటే వాక్యం చట్రం వేరు, అందులో పడే మాటలు వేరు. ఉప్పు అనబోయి కారం అంటే అర్థంలో పక్కింటి మాట వచ్చింది. అల్లం అనబోయి బెల్లం అంటే శబ్దంలో పక్కింటి మాట వచ్చింది. అర్థం ఒక అరలో, శబ్దం ఇంకో అరలో ఉన్నాయన్నమాట.

దీన్ని ఇంకో దారిలో పట్టుకున్నవాళ్ళు హార్వర్డ్‌లో బ్రౌన్, మెక్‌నీల్. 1966లో వాళ్ళు విద్యార్థులకి అరుదైన మాటల అర్థాలు చదివి, ఆ మాటేదో చెప్పమన్నారు. మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయినవాళ్ళు కూడా, దాని మొదటి అక్షరం సగానికి పైగా సార్లు సరిగ్గా చెప్పగలిగారు. "అ-తో మొదలవుతుంది, అవి..." అని మనం తంటాలు పడమూ, అవిసెలు గుర్తొచ్చేముందు? అదే ఇది. హిందీలోలాగా ఇటాలియన్‌లోనూ వస్తువుల పేర్లకి ఆడ, మగ తేడా ఉంటుంది. మాట గుర్తురాని ఇటాలియన్లు కూడా అది ఆడో మగో ఎక్కువసార్లు సరిగ్గానే చెప్పారని 1997లో గాబ్రియెల్లా విలియోక్కో బృందం చూపించింది.

నెదర్లాండ్స్‌కు చెందిన విల్లెమ్ లెవెల్ట్ ఇదంతా ఒక వరసలో పెట్టారు. ముందు చెప్పదలచిన భావం, తర్వాత దానికి సరిపడే మాట, ఆ తర్వాతే దాని శబ్దం. సెకనుకి రెండు మూడు మాటలు ఇలా వేల మాటల్లోంచి ఏరుతూ ఉంటాం. రెండు భాషలున్న మనకి ఆ ఏరడంలో రెండు భాషల మాటలూ ఒకేసారి లేచి నిలబడతాయి. రోజూ వాడేది ముందు అందుతుంది, వాడనిది ఆలస్యంగా అందుతుంది. అంటే చాలాసార్లు పోయింది మాట కాదండీ, దాని దగ్గరికి వెళ్ళే దారిలో గడ్డి మొలిచింది, అంతే. నడిస్తే దారి మళ్ళీ పడుతుంది.

అందుకే పిల్లలు తెలుగు మాట కోసం ఆగినప్పుడు నవ్వకండి, వెంటనే ఇంగ్లిష్‌లో అందించకండి. మొదటి అక్షరం అందించి కాస్త ఆగండి. పెద్దవయసులో పేర్లు ఇలా నాలుక చివర ఆగడం మామూలే, అత్తగారినీ అమ్మనీ కంగారు పెట్టకండి. అయితే ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. ఎవరికైనా ఉన్నట్టుండి మాట పడిపోయినా, ముద్దగా వచ్చినా, మూతి వంకర పోయినా, చెయ్యి లేవకపోయినా అది మతిమరుపు కాదు, పక్షవాతం కావచ్చు. కాసేపు చూద్దాం అనుకోకుండా అంబులెన్స్‌కి ఫోన్ చెయ్యండి.