మడతచాకు చరిత్ర



నేడు నేను మనవి చేయబోవు విషయము రాజుల ఖడ్గములను గూర్చినది కాదు. ఖడ్గములకు చరిత్రకారులు పెక్కుమంది కలరు. రైతు రొంటిని దోపుకొని పొలమునకు పోవు చాకును గూర్చియు, వ్రాయసకాడు కలములతోబాటు దాచుకొనిన చిన్నకత్తిని గూర్చియు వ్రాసినవారు అరుదు. ఖడ్గము ఏడాదికొకసారి యైనను ఒర వెడలునో లేదో చెప్పజాలము. చాకన్ననో దినమునకు పదిసారులు పనికి వచ్చును. పలుపు కోయుటకు, చెఱకుగడ చెక్కుటకు, మామిడికాయ తరుగుటకు, వేపపుల్ల చివర సరిచేయుటకు, కాలిలో విరిగిన ముల్లు తీయుటకు అదియే సాధనము. ఇట్టి అల్పవస్తువునకు చరిత్ర యుండునా యని కొందరు నన్నడిగినారు. ఉన్నది. ఆ చరిత్రలో మన తెలుగుపల్లెలకు భాగమున్నది. ఆ భాగము ఎట్లు మరుగునపడెనో తెలిసికొన్నచో, నేడు మన యిండ్లలో మిగిలిన పాతచాకులను ఎట్లు చూడవలయునో తెలియును.

కత్తిని పిడిలోనికి మడచు ఆలోచన మిక్కిలి ప్రాచీనమైనది. ఆస్ట్రియాదేశమున హాల్‌స్టాట్టు అను చోట ఇంచుమించు 2,500 ఏండ్లనాటి మడతకత్తి దొరకినది. రోమకులును ఇనుపరేకును ఎముకపిడిలోనికి మడచి వెంట తీసికొనిపోయెడివారు. మడచుటవలన రెండు ప్రయోజనములు కలవు. అలుగు మనిషిని కోయకుండును. మనిషి బట్టయు చెమటయు అలుగును చెఱుపకుండును.

చదువరులకు చాకుతో గల సంబంధము మఱింత గట్టిది. పూర్వము ఐరోపాలో పక్షియీకలతో వ్రాసెడివారు. ఈక మొన త్వరలో మొద్దువారును. దానిని మాటిమాటికి చెక్కుకొనవలయును. అందుకై ప్రతి గుమాస్తాయు ఒక చిన్నకత్తి నుంచుకొనెడివాడు. ఇంగ్లీషువారు దానిని పెన్ నైఫ్, అనగా కలపుకత్తి, యనిరి. 19వ శతాబ్దిలో బర్మింగుహాము ఉక్కుపాళీలు వచ్చి ఈకలు పోయినను ఆ పేరు మాత్రము పోలేదు. మన దేశమున పారసీక దఫ్తరములలో రెల్లుకలము చెక్కు కత్తిని కలంతరాష్ అనిరి. మన ‘చాకు’ అను మాటయు పారసీకమునుండి వచ్చినదే. ఇక తాటియాకుపై వ్రాయువారికి ఆకు కత్తిరించుటకు కత్తియు, అక్షరము గీయుటకు గంటమును కావలసియుండెను. దక్షిణదేశమున ఆ రెంటిని ఒక్క పిడిలోనికే మడచునట్లు చేయించుకొనినవారు కలరు. అట్టి సాధనములను నేటికిని ప్రదర్శనశాలలలో చూడవచ్చును.

చాకులకు లోకప్రసిద్ధి గాంచిన పట్టణము ఇంగ్లండులోని షెఫీల్డు. 14వ శతాబ్ది కవి చాసరు తన కావ్యమున ఒక పిండిమరవాని యొద్ద షెఫీల్డు కత్తి యుండెనని చెప్పినాడు. 1624లో అచ్చటి కత్తులవారి సంఘమునకు శాసనముచే అధికారము లభించెను. ప్రతి పనివాడును తన గుర్తును ఆ సంఘమున నమోదు చేయించుకొని అలుగుపై దానిని ముద్రింపవలయును. ఆ గుర్తును చూచి ఇది ఫలానావాని పని యని కొనువాడు తెలిసికొనెడివాడు. జోసెఫ్ రాడ్జర్సు కంపెనీవారి నక్షత్రమును సిలువయు గల చాకులు మన బజారులలో గూడ విరివిగా అమ్ముడుపోయినవి. ఆ కంపెనీవారే 1822లో సంవత్సరసంఖ్యకు సరిపోవునట్లు 1,822 అలుగులు గల ఒక వింత మడతకత్తిని చేసిరి.

ఈ కీర్తికి మఱియొక పార్శ్వమున్నది. అలుగులను ఇసుకరాతి చక్రములపై అరగదీయు పనివారు రాతిధూళిని, ఇనుపధూళిని రాత్రింబగళ్లు పీల్చి ఊపిరితిత్తులు చెడి మరణించుచుండిరి. ముండ్లచెంచాలను నీరులేని పొడిరాతిపై అరగదీయువారిలో పెక్కుమంది నలువది యేండ్లయినను నిండకయే చనిపోవుచుండిరని 19వ శతాబ్ది వైద్యులు వ్రాసియున్నారు. చాకుపై నున్న గుర్తు యజమానిది. ఆ అంచునకు మెఱుపు తెచ్చిన వాని పేరు మాత్రము ఎచ్చటను లేదు.

పేరు లేకపోవుట అనునది మన దేశపు చాకుకథలో ఇంకను పెద్దవిషయము. 1794 ప్రాంతమున బొంబాయిలోని స్కాటు అను వైద్యుడు లండనులోని రాయల్ సొసైటీ అధ్యక్షుడైన సర్ జోసెఫ్ బ్యాంక్సునకు ఒక విధమైన ఉక్కుదిమ్మలను పంపెను. దానిని ‘వూట్జ్’ అనిరి. అది మన ‘ఉక్కు’ అను మాటయే సీమవారి నోట మాఱినదని పండితులు పలువురు చెప్పుదురు. డాక్టరు పియర్సను ఆ ఉక్కును పరీక్షించి 1795లో ఆ సభలో వ్యాసము చదివెను. ఆ పరీక్షలలో భాగముగా స్టోడార్టు అను లండను కత్తులపనివాడు ఆ ఉక్కుముక్కను సాగగొట్టి చేసినది ఖడ్గము కాదు, కఠారి కాదు. ఒక కలపుకత్తి! దాని అంచు శ్రేష్ఠమైన ఉక్కుకత్తి అంచునకు తీసిపోలేదని పియర్సను వ్రాసెను. స్టోడార్టు తరువాత ఈ ఉక్కుతో శస్త్రములు చేసి, ఇది ఐరోపాలోని మేలిరకపు ఉక్కుకంటె మిన్న యని తన వ్యాపారపత్రముపై అచ్చువేయించుకొనెను. కమ్మరి కుమారుడైన మైకేల్ ఫారడే 1819 మొదలుకొని ఈ ఉక్కును పరిశోధించి, స్టోడార్టుతో గూడి దానివంటి దానిని చేయ ప్రయత్నించెను. దీని గొప్పతనమునకు అల్యూమినియము కారణమని ఆయన మొదట తలచెను. ముఖ్యకారణము కర్బనమని పిమ్మట తేలినది.

పియర్సను వ్యాసపు శీర్షికలో ఇది బొంబాయిలో తయారగు ఉక్కు అని యున్నది. బొంబాయి ఓడరేవు. ఇట్టి ఉక్కు కరగిన కొలుములు దక్కను, మైసూరు, తమిళదేశముల లోపలి గ్రామములలో నుండినవి. ఆ దిమ్మను చేసిన ఊరి పేరు గాని, కమ్మరి పేరు గాని ఆ వ్యాసమున లేదు. వస్తువు సముద్రము దాటినది, పేరు దాటలేదు.

ఆ కొలుములలో ప్రసిద్ధమైనవి మన నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రమున నుండెను. భూగర్భశాస్త్రజ్ఞుడును వైద్యుడును ఐన వాయిసే, 1824లో మరణించుటకు మునుపు, ఆ గ్రామమునకు పోయి పనిని కన్నులార చూచి వ్రాసిన వర్ణనము 1832లో కలకత్తాలో అచ్చయినది. ఇస్ఫహాను పట్టణపు పారసీకులు అచ్చటికి వచ్చి ఉక్కు కొనుచుండిరనియు, తమదేశమున దీనిని చేయబూని విఫలులైరనియు ఆయన తెలిపెను. తెలంగాణమున మట్టితో వరియూక కలిపి మూసలు చేసెడివారు. వానిలో ఇనుపముక్కలను కర్బనమిచ్చు పదార్థముతో నుంచి, మట్టిమూతతో గట్టిగా మూసి, బొగ్గులకొలిమిలో గంటలతరబడి తిత్తులూదెడివారు. పిమ్మట మెల్లమెల్లగా చల్లార్చెడివారు. మూస పగులగొట్టగా చిన్న ఉక్కుదిమ్మ వచ్చును. అందు కర్బనము నూటికి ఇంచుమించు 1.5 పాలుండును. ఎంతవేడి, ఎంతసేపు, ఎట్టిబొగ్గు అనునవి పుస్తకమున లేవు. అవి కమ్మరి కంటిలోను చేతిలోను ఉండెను.

19వ శతాబ్దిలో చవుకయైన సీమ యుక్కు ఓడలపై వచ్చిపడెను. అడవులపై ఆంక్షలు కలిగి బొగ్గు ప్రియమాయెను. కొలుములొక్కటొక్కటే చల్లారెను. కోనసముద్రపు కమ్మరుల సంతతి యున్నను ఆ ఉక్కు కరగించు విద్య వారికి అందలేదు. 2010లో బెంగుళూరు జాతీయ ఉన్నతాధ్యయన సంస్థవారును, ఇంగ్లండులోని ఎక్సిటరు విశ్వవిద్యాలయమువారును కలిసి ఉత్తర తెలంగాణపు పల్లెలలో తిరిగి, చిట్టెపుదిబ్బలను, మూసల పెంకులను లెక్కించి ఆ విద్యను ఊహింప బూనిరి. నోటితో చెప్పగలవా రుండిన కాలమున అడిగినచో ఒక్క పూటలో తెలియు సంగతులను, నేడు పెంకులను పరీక్షించి తెలిసికొనవలసి వచ్చినది.

నేను కొంతకాలముగా పాతచాకులను సేకరించుచున్నాను. సంతలలో పాతయినుము అమ్మువారి గోనెలపై అవి దొరకును. కొమ్ముపిడి చాకులు, ఇత్తడిపిడి చాకులు, అరగి అరగి నెలవంకవలె నైన అలుగులు నాయొద్ద నున్నవి. కాని నేను విలువగా నెంచునది వానిలో మిక్కిలి వికారముగా నుండునది. దానిని చేసిన వృద్ధకమ్మరి బ్రతికియుండగా నాకు దాని సంగతి చెప్పెను. వెన్ను మెత్తని ఇనుముతో చేసి, అంచునకు మాత్రము ఉక్కు అదికితినని ఆయన చెప్పెను. చాకంతయు ఉక్కైనచో విరుగును. అంతయు ఇనుమైనచో తెగదు. ఎఱ్ఱగా కాచి నీట ముంచిన పిమ్మట మరల కొంచెము వేడిచేసి, రంగు గడ్డివన్నెకు రాగానే చల్లార్చవలయునట. ఇది ఒక గొఱ్ఱెలకాపరి అడిగి చేయించుకొనిన చాకు. మొన సూదిగా నున్నచో గొఱ్ఱెగిట్టలలోని ముల్లు తీయునపుడు లోనికి దిగబడునని మొన గుండ్రముగా చేయించెను. ఈ నాలుగుమాటలు తెలియనిచో అది గోనెపై నున్న తుప్పుముక్క. తెలిసినచో ఇద్దరు మనుష్యుల బుద్ధి అందు కానవచ్చును.

షెఫీల్డులోను ఇట్టి పని చేసినవా డొకడు కలడు. కెన్ హాలీ అను పనిముట్ల వర్తకుడు ఏండ్లతరబడి ఆ యూరి పనిముట్లను, కత్తులను కూర్చెను. పూర్తియైన వస్తువులతో ఆగక, సగము చేసిన వానిని, ధరలపట్టికలను సైతము దాచి, వృద్ధులైన పనివారు పనిచేయుచుండగా చలనచిత్రములు తీయించెను. ఆయన 2014లో మరణించెను. ఆ కూర్పు నేటికిని షెఫీల్డు ప్రదర్శనశాలలో నున్నది.

అయ్యలారా! నేటి యువకుని జేబులో చాకుండు స్థానమున సెల్‌ఫోను చేరినది. తుప్పుపట్టని ఉక్కు 1913లో షెఫీల్డుననే బయలుదేరి లోకమంతట వ్యాపించినది. మొద్దువారిన కత్తిని సానబెట్టుటకంటె పాఱవేసి వేఱొకటి కొనుటయే చవుకయైనది. దీనికి నేను వగవను. కాలమునకు తగిన సాధనము కాలమే తెచ్చుకొనును. కాని మీ యిండ్లలో పెట్టెయడుగున, చూరులో, గూటిలో పడియున్న చాకును పాతయినుపవానికి ఇచ్చుటకు ముందు ఒక్కపని చేయుడు. దానిని నూనెగుడ్డతో తుడువుడు. ఆకురాతితో మెఱుగుపెట్టవలదు; పాతగుర్తు లరగిపోవును. ఒక కాగితముపై ఈ సంగతులు వ్రాసి దానికి కట్టుడు: దీనిని చేసినవాడెవరు, ఏయూరు, ఎవరు వాడిరి, ఏ పనికి వాడిరి, ఎట్లు పదును పెట్టిరి. కమ్మరి బ్రతికియున్నచో ఆయన యొద్దకే పోయి అడుగుడు. ఆయన పేరు తప్పక వ్రాయుడు. కొనదలచిన వారెవరైన వచ్చినను ఆ కాగితముతోనే యిండు.

ఈ పనికి ధనము అక్కఱలేదు. చదువవ్రాయ నేర్చిన పెద్ద యొక్కడు ఊరనున్న చాలును. కోనసముద్రపు కొలుములు మండుచుండిన కాలమున అట్టివాడొక్కడు ఆ కమ్మరుల నోటిమాట వ్రాసియుంచినచో, నేడు మనము మూసపెంకులను అడుగవలసియుండెడిది కాదు. మీ యూరి కొలిమి విషయమున ఆ పెద్దలు మీరే.