కెమెరా ఎక్కడ కూర్చుంది?

సినిమా చూసి వచ్చాక మనం చెప్పుకునేవి మూడే సంగతులు: కథ, పాటలు, చీరలు. "సావిత్రి ఎంత బాగా ఏడ్చిందమ్మా!" అనుకుంటాం. నిజమే, ఏడ్చింది. కాని హాల్లో ఎక్కడో వెనక బెంచీ మీద కూర్చున్న మనకి ఆవిడ కంట్లో తిరిగిన నీళ్లు ఎలా కనిపించాయి? నాటకంలో అయితే మూడో వరసవాళ్లకే కనిపించవు కదా! మనల్ని చెయ్యి పట్టుకుని ఆ కళ్ల దాకా తీసుకెళ్లింది కెమెరా.

మొదట్లో దానికీ మనలాగే ఒకచోట కూర్చోవడమే తెలుసు. మన తొలి టాకీ 'భక్త ప్రహ్లాద' 1932లో వచ్చింది. అందులో నటించిన వాళ్లు చాలామంది సురభి నాటకాల వాళ్లే. టాకీలు పుట్టిన కొత్తలో ప్రపంచమంతటా ఒకటే చిక్కు. కెమెరా చేసే రొద మైకులో పడకూడదని దాన్ని పెట్టెలో పెట్టి కదలకుండా ఉంచేవారు. ముందు వరస కుర్చీలోంచి నాటకం చూసినట్టే ఉండేది.

తర్వాత్తర్వాత అది లేచి తిరగడం నేర్చింది. ఆ నడకలన్నీ మన ఇంట్లో ఉన్నవే సుమండీ! కత్తిపీట ముందు కూర్చుని వంకాయలు తరుగుతూ తలెత్తి చూడండి. గుమ్మంలో నిలబడ్డ అత్తగారు ఎంత పొడుగ్గా కనిపిస్తారో! తెర మీద జమీందారుని కింద నించి చూపించేది అందుకే. మేడ మీంచి వీధిలోకి చూస్తే ఎంత పెద్దమనిషైనా గొడుగు కింద చిట్టెలుకలా ఉంటాడు. దిక్కులేనివాణ్ణి పై నించి చూపించేది అందుకే. ఇక పట్టాల మీద బండిని తోసుకుంటూ కెమెరా నెమ్మదిగా ఒక మొహం దగ్గరికి వెళ్లిందంటే, ఆ మనసులో ఏదో మెదులుతోందని ఎవరూ చెప్పకుండానే మనకి తెలిసిపోతుంది.

వెలుగు సంగతి వేరే చెప్పాలి. 1957లో వచ్చిన 'మాయాబజార్'లో నౌకావిహారం గుర్తుందా? ఆ వెన్నెల చంద్రుడిది కాదు, ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లేది. దీపాలతోనూ నేర్పుతోనూ ఆయన కాయించిన వెన్నెల అది.

స్టూడియో వెన్నెలతో మురిసిన కెమెరాకి తర్వాత అసలు నీళ్ల మీద మనసు పోయింది. 1964లో ఆదుర్తి సుబ్బారావుగారి 'మూగమనసులు' గోదారి ఒడ్డుకొచ్చింది. 1967లో బాపుగారు తమ మొదటి సినిమా 'సాక్షి'ని ఏకంగా పులిదిండిలోనే తీశారు. పులిదిండి అంటే ఎక్కడో కాదు, మన పూతరేకుల ఆత్రేయపురం మండలంలోదే. బాపుగారిది నరసాపురం, కథ రాసిన ముళ్లపూడి వెంకటరమణగారిది ధవళేశ్వరం. ఇద్దరూ గోదారి నీళ్లు తాగినవాళ్లే. పత్రికల్లో బొమ్మలు వేసిన చెయ్యి గనక, ఎంత మేర చూపించాలో, ఎంత వదిలెయ్యాలో బాపుగారికి ఎవరూ నేర్పనక్కర్లేదు.

కథ చిన్నదే. రేవులో జనాన్ని దాటించే ఓ అమాయకుడు కళ్లారా చూసిన హత్యకి సాక్ష్యం చెబుతాడు. హంతకుడు పగతో తిరిగొస్తుంటే ఊరు ఊరంతా మొహం చాటేస్తుంది. తోడు నిలిచేది ఆ హంతకుడి చెల్లెలు! ఈ కథకి ప్రేరణ 1952 నాటి అమెరికన్ సినిమా 'హై నూన్' అంటారు. అందులో ఓ పేరుపొందిన షాట్ ఉంది. ఒంటరివాడైన నాయకుడి దగ్గర మొదలైన కెమెరా క్రేన్ మీద పైపైకి లేస్తుంది. ఖాళీ వీధి పెద్దదవుతూ ఉంటుంది, మనిషి చిన్నవాడవుతూ ఉంటాడు. ఒక్క మాట లేదు. అయినా తలుపులేసుకున్న ఆ ఇళ్లన్నిటి మీదా మనకి కోపం వస్తుంది.

ఆ కోపం ఎక్కడ పుట్టిందో కాస్త ఆలోచించాలి. కెమెరా తలుపు లోపల, భయపడి కూర్చున్న ఇల్లాలి పక్కన ఉండి ఉంటే? పిల్లలని కొంగు చాటున దాచుకున్న ఆవిడ మీద జాలి కలిగేది. ఎక్కడ కూర్చోబెడితే అక్కడి వాళ్ల పక్షాన ఉంటాం మనం. గయ్యాళి అత్తని ఎప్పుడూ కింద నించే చూపిస్తే ఆవిడ నడుంనెప్పి మనకెలా తెలుస్తుంది?

కోనసీమకీ ఈ తిప్పలు తప్పలేదు. దూరం నించి తీస్తే కొబ్బరితోటలు, కాలవలు, పడవలు, ఎంత ముచ్చటో! సినిమావాళ్లకి మనూరు తీరిగ్గా పాట పాడుకునే చోటు. కాస్త దగ్గరికొస్తేనే పీచు తీసే ఆడకూలీ అరిచేతులు కనిపిస్తాయి, వరదొస్తే సామాను అటక మీదికి చేర్చే లంక ఇల్లాలు కనిపిస్తుంది. 1996 నవంబరు తుఫానుకి ఆ తోటలే నేలకొరిగాయి. పచ్చటి లాంగ్ షాట్ అబద్ధం కాదు, కాని అదొక్కటే నిజమూ కాదు.

అందుకని ఇకమీదట తెర ముందు కూర్చున్నప్పుడు, హాయిగా ఏడవండి, నవ్వండి, చీరలూ చూసుకోండి. మధ్యలో ఒక్కసారి మాత్రం కెమెరా ఎవరి పక్కన కూర్చుందో, ఎవరిని చూపించకుండా వదిలేసిందో గమనించండి. ఇంటికొచ్చాక కథతో పాటు ఆ వదిలేసిన మనిషి గురించి కూడా నాలుగు మాటలు చెప్పుకోవచ్చు.