పాత ఆంప్లిఫయరూ, కొత్త తీగలూ

"ఈసారి మీరు మన పత్రికకు ఏదైనా వ్రాయాలి. గుండెజబ్బుల గురించి మాత్రం వద్దు, పోయినసారిది చదివి మా ఇంట్లో నెయ్యి మానేశారు" అన్నారు సంపాదకులు. అందుచేత ఆంప్లిఫయరు గురించి వ్రాస్తున్నాను.

పోయిన శీతాకాలంలో, మనలో చాలామంది బాబాయిగారని పిలిచే ఒక పెద్దాయన ఇల్లు అమ్మేసి కూతురి దగ్గరకు వెళ్ళిపోతూ, బేస్‌మెంటులోంచి ఒక బరువైన ఇనుప పెట్టెను మా కారులో పెట్టించారు. డైనాకో కంపెనీ స్టీరియో 70. 1970ల మొదట్లో విద్యార్థిగా ఉండగా కిట్టు కొని, వంటింటి బల్లమీద తానే టంకం వేసి కూర్చుకున్నారట. దానితోపాటు ఒక టేపు చుట్ట కూడా ఇచ్చారు. 1976 ఉగాదినాడు ఎవరింటి బేస్‌మెంటులోనో పాతికమంది కూడి జరుపుకున్న పంచాంగ శ్రవణం అందులో ఉంది. "ఆ గొంతుల్లో సగం ఇప్పుడు లేవమ్మా. మీ పిన్నిగారిది కూడా ఉంది. దీనిమీదే వినాలని నా కోరిక" అన్నారు.

ఆయన ఒక మాట గట్టిగా చెప్పారు: ఏళ్ళతరబడి మూలనపడ్డ వాల్వు సెట్టును తిన్నగా గోడప్లగ్గులో పెట్టకూడదని. లోపలి కెపాసిటర్లు ఎండిపోయి ఉంటాయి. పైగా ఈ సెట్టులో నాలుగు వందల వోల్టులు దాటి ఉంటుంది. ప్లగ్గు పీకేసిన తరువాత కూడా ఆ కెపాసిటర్లలో కొంతసేపు నిలిచే ఉంటుంది. డీఫిబ్రిలేటరు వాడే మాబోటి వాళ్ళకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. కనుక తెలిసినవారిచేత బాగుచేయించాను. పాత కెపాసిటర్లు, ఒక సెలీనియం రెక్టిఫయరు మార్చి, రెండు కాళ్ళ తీగ తీసి ఎర్తు ఉన్న మూడుకాళ్ళ తీగ వేసి ఇచ్చారు. అంతవరకూ బాగానే ఉంది.

తప్పు చేసింది నేను. మా ఇంట్లో ఇంటర్నెట్టు పాటలు వినిపించే డబ్బా ఒకటి ఉంది. దాని వెనక ఎరుపు, తెలుపు రంధ్రాలు. స్టీరియో 70 ముందు కూడా అవే రంధ్రాలు. ప్లగ్గు సరిపోయింది కదా అని కలిపేశాను. పాట మొదలవగానే ఇల్లు అదిరిపడింది. తగ్గిద్దామంటే ఆ పెట్టెకు మీటే లేదు! స్విచ్చు కట్టేసేలోపల ఒక స్పీకరులో చిన్న కోను కాలిపోయింది, మా చంటివాడు లేచి కూర్చున్నాడు. బాబాయిగారికి ఫోను చేస్తే, "ఏమ్మా డాక్టరూ, రోగి చరిత్ర అడక్కుండానే మందు ఇచ్చేశావా?" అన్నారు. అప్పటినుంచి చరిత్ర చదవడం మొదలుపెట్టాను.

మన తాతల కాలపు రేడియోగ్రాములో అన్నీ ఒకే బీరువాలో ఉండేవి. నేడు ఇంటింటా కనబడే ఆ ఎరుపు తెలుపు ప్లగ్గు పుట్టింది కూడా అటువంటి బీరువాలోనే. 1930లలో ఆర్.సి.ఏ. కంపెనీ లోపలి గ్రామఫోనును రేడియోకి కలపడానికి దాన్ని తయారుచేసింది. బీరువా బద్దలైంది రెండవ ప్రపంచయుద్ధం తరువాత. 1947లో ఇంగ్లండులో విలియమ్సన్ అనే ఇంజనీరు వైర్‌లెస్ వరల్డ్ పత్రికలో పదిహేను వాట్ల ఆంప్లిఫయరు నమూనా ప్రచురించాడు. అది చూసి దేశదేశాల ఔత్సాహికులు ఇళ్ళలో కట్టుకున్నారు. అటువంటి ఆంప్లిఫయరుకు పెద్ద పెద్ద ట్రాన్స్‌ఫార్మర్లు కావాలి. వాటి అయస్కాంత క్షేత్రం పక్కనుంటే గ్రామఫోను నుంచి వచ్చే బలహీనమైన సిగ్నలులో గుయ్‌మనే మోత చేరుతుంది. వేడీ ఎక్కువే. కాబట్టి మీటలు, సున్నితమైన పనులు ఒక చిన్న పెట్టెలో చేతికందేచోట పెట్టి, ఈ బండవాణ్ణి దూరంగా మూలన కూర్చోబెట్టారు. చిన్నదానికి ప్రీఆంప్లిఫయరని పేరు. మా పెట్టెకు మీట లేకపోవడం లోపం కాదు. దాని తోడును పోగొట్టుకుని వచ్చింది, అంతే. బాబాయిగారి ప్రీఆంప్లిఫయరు ఎప్పుడో బేస్‌మెంటులోకి నీళ్ళు వచ్చినప్పుడు పాడైపోయిందట. స్టీరియో 70 ముందుభాగాన ఎనిమిదేసి రంధ్రాల సాకెట్లు రెండు ఉంటాయి. ఆ తోడుకు కరెంటు ఇక్కడినుంచే వెళ్ళేది.

ఫిలడెల్ఫియాలో డేవిడ్ హాఫ్లర్ 1951లో కెరోస్‌తో కలిసి అల్ట్రాలీనియర్ అనే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. 1955లో ఎడ్ లారెంట్‌తో డైనాకో మొదలుపెట్టాడు. స్టీరియో రికార్డులు 1958లో బజారునిండా వచ్చాయి, మరుసటి సంవత్సరమే ఈ స్టీరియో 70 వచ్చింది. రెండు చానళ్ళు, ఒక్కొక్కటి 35 వాట్లు, కిట్టు ధర ఒక్క ఐదు సెంట్లు తక్కువ వంద డాలర్లు. చిక్కు పనంతా ఉన్న సర్క్యూట్ బోర్డు ముందే తయారై రావడంతో విద్యార్థులు కూడా ధైర్యం చేసేవారు. నన్నడిగితే ఆయన గొప్పతనం సర్క్యూటులో కంటే ఈ ధరలోనే ఉంది.

ఇక నా తప్పు సంగతి. ఈ పెట్టె లోపలికి సుమారు 1.3 వోల్టులు వస్తే చాలు, పూర్తి 35 వాట్లూ ఇచ్చేస్తుంది. 1959లో దాని ముందు ఎప్పుడూ మీట ఉన్న పెట్టె ఉండేది. 1982లో కాంపాక్టు డిస్కు వచ్చింది. ఆ యంత్రాలు తిన్నగా రెండు వోల్టులిచ్చే అలవాటు స్థిరపడింది. నేటి డబ్బాలు కూడా అదే పాటిస్తున్నాయి. రంధ్రం మారలేదు, దానిలోంచి వచ్చే బలం మారింది. మందు చాలా తేలిక. మధ్యలో ఒక మంచి వాల్యూము మీట ఉన్న చిన్న డబ్బా పెట్టడమే. స్టీరియో 70 లోపలి ఇంపెడెన్సు 4,70,000 ఓములు కాబట్టి పదివేల ఓముల మీట హాయిగా సరిపోతుంది. తీగ మాత్రం పొట్టిగా ఉంచండి. టీవీ కలపాలంటే, 1983లో తోషిబా తెచ్చిన ఆప్టికల్ తీగను ముందు ఒక కన్వర్టరులోకి తీసుకువెళ్ళి, అక్కడినుంచి ఈ మీటలోకి.

రికార్డుల కథ వేరు. గ్రామఫోను ముల్లు ఇచ్చేది నాలుగైదు మిల్లీవోల్టులు. మేము రోజూ తీసే ఈ.సి.జి.లో గుండె ఇచ్చేదీ ఒక మిల్లీవోల్టు ప్రాంతమే! దాన్ని తిన్నగా స్టీరియో 70కి కలిపితే గుసగుస కూడా వినబడదు. పైగా రికార్డు కోసేటప్పుడు మంద్రాన్ని తగ్గించి, తారాన్ని పెంచి కోస్తారు. తిరిగి సరిచేసే ఫోనో పెట్టె తప్పనిసరి. ఆ లెక్క అమెరికాలో ఒక ప్రమాణానికి వచ్చింది 1954లో. మీ ఇంట్లో అంతకుముందు వచ్చిన 78 రికార్డులుంటే ఆ లెక్క సరిగా పొసగదు, వాటికి లావు ముల్లు కూడా కావాలి. ఘంటసాలవారి గొంతు ఎందుకో పలచబడిందే అని రికార్డును నిందించకండి.

ఈ.సి.జి. కాగితంమీద కరెంటు మోత పడితే ఎక్కడో తీగ సరిగా లేదని మాకు తెలుసు. ఇక్కడా అంతే. అరవై సైకిళ్ళ మోత వస్తే, రెండు పరికరాలూ వేరువేరు గోడప్లగ్గుల్లో ఉన్నాయేమో చూసి ఒకేచోటికి తేవాలి. కొందరు ఎర్తు కాలు విరగ్గొట్టమని సలహా ఇస్తారు. మోత పోవచ్చు, కాని లోపల ఏదైనా తెగి పెట్టెకు తగిలిన రోజున మనిషే పోవచ్చు.

మరొక్క సంగతి. స్పీకరు కలపకుండా వాల్వు ఆంప్లిఫయరు వాయించకూడదు, ట్రాన్స్‌ఫార్మరు చచ్చిపోతుంది. వెనక 4, 8, 16 అని గుర్తులుంటాయి. మీ స్పీకరుమీద ఉన్న అంకెతో జతచేయండి.

గత ఆదివారం బాబాయిగారు వచ్చారు. అరువు తెచ్చిన టేపుయంత్రం, కొత్త మీట, ఆయన పాత పెట్టె. ముందు మీటరు పెట్టి సాకెట్టు దగ్గర 1.56 వోల్టులు ఉన్నాయో లేదో ఆయనే చూసుకున్నారు. టేపు పెడితే పంచాంగం చిలకపలుకుల్లా పరుగెత్తింది. "వేగం తగ్గించమ్మా, మేమప్పుడు టేపు ఆదా చేసేవాళ్ళం" అన్నారు. సగానికి తగ్గించాను. కుర్చీలు జరిపిన చప్పుడు, ఎవరో దగ్గు, ఆదాయవ్యయాలు, వెనకనుంచి ఒకావిడ "పచ్చడిలో ఉప్పు మరిచిపోయాను, కోప్పడకండి" అనడం.

బాబాయిగారు మీట దగ్గరే చెయ్యి పెట్టుకుని కూర్చున్నారు. కాసేపటికి, "మళ్ళీ మొదటినుంచి పెట్టకు, టేపు అరుగుతుంది. ముందు కంప్యూటరులోకి ఎక్కించు" అన్నారు. ఎక్కించాను. మీ ఇళ్ళలో అటువంటి టేపులుంటే చెప్పండి, యంత్రం ఇంకో నెల మా ఇంట్లోనే ఉంటుంది.