చేతివాటం - అయిదువేళ్ల తగ్గింపు

ప్రత్యేక సంచికకని ఒక మాట పుట్టుపూర్వోత్తరాలు రాస్తున్నాను.

కొట్లో సరుకును డబ్బివ్వకుండా సంచిలో వేసుకుంటే ఏలూరులోనైనా, తాడేపల్లిగూడెంలోనైనా "చేతివాటం చూపించాడు" అంటాం. అమెరికావారు దీన్నే వేళాకోళంగా "ఫైవ్ ఫింగర్ డిస్కౌంట్" అన్నారు. అంటే అయిదువేళ్ల తగ్గింపు. 1960ల నాటికే అది వాడుకలో ఉంది. కొట్టువాడు ఇవ్వని తగ్గింపును కొనేవాడి వేళ్లే ఇచ్చుకున్నాయన్నమాట!

అంతకు చాలా ముందే, 16వ శతాబ్దంలో, లండన్ దొంగల భాషలో "లిఫ్ట్" అంటే సరుకు కాజేయడం. "షాప్ లిఫ్టింగ్" అందులోంచే వచ్చింది. మాట తేలికే గాని శిక్ష తేలిక కాదు. 1699 నాటి చట్టం ప్రకారం దుకాణంలో 5 షిల్లింగుల సరుకు దొంగిలిస్తే ఉరి! అది 1820లలో గాని తొలగలేదు.

మన మాటలో అసలు దొంగతనమే లేదు. వాటమంటే ఒరుగు, అనువు. ఎడమచేతివాటం అన్నప్పుడు తప్పేమీ ధ్వనించదు. ఆ అనువే పరుల సొత్తు మీదికి ఒరిగితే నింద అయింది.

మనకు కొసరు అనే అలవాటూ ఉంది. బేరం కుదిరాక నాలుగు పచ్చిమిరపకాయలో, కొల్లేటి చేపలు తూచాక ఒక చిన్న చేపో వేయించుకుంటాం. అమ్మే మనిషి తన చేత్తో వేస్తే అది కొసరు. ఆమె చూడకుండా మనమే వేసుకుంటే చేతివాటం. సరుకు అదే. తేడా ఆమె ఒప్పుకోలులో ఉంది.

చట్టమూ ఆ మాటే అంది. 1860లో ఆమోదం పొంది, 1862 జనవరి 1న అమల్లోకి వచ్చిన ఇండియన్ పీనల్ కోడ్ 378వ సెక్షను ప్రకారం, కాజేయాలన్న తలంపుతో ఎదుటివాడి అనుమతి లేకుండా వస్తువును కదిలించడమే దొంగతనం. కొట్టు గడప దాటనక్కరలేదు. అయితే మామూలు మనిషి ఫిర్యాదు చేయనంత స్వల్పహాని నేరం కాదని 95వ సెక్షను మినహాయించింది.

2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. దాని 303వ సెక్షను ప్రకారం, దొంగిలించిన సొత్తు విలువ 5,000 రూపాయల లోపై, మొదటిసారి శిక్ష పడుతున్నవాడు దాన్ని తిరిగి ఇచ్చేస్తే, శిక్ష సమాజసేవ. ఉరికంబం నుంచి ఇక్కడిదాకా రావడం మంచిదే.

కాని శిక్ష తగ్గిందని తప్పు తగ్గలేదు. సాయంత్రం సరుకు లెక్క తేలకపోతే మొదటి అనుమానం కొట్లో గుమాస్తా మీదే పడుతుంది. లెక్కలతో బతికిన మనకు ఆ బాధ తెలుసు. మనవలు ఇలాంటి మాటలు నవ్వుతూ అంటున్నప్పుడు ఆ గుమాస్తా సంగతి కూడా చెప్పడం మన పని.